నాలుగు చాయ్‌ల గేరు

నిన్న పొద్దున సిరిసిల్ల బైపాసు రోడ్డు మీదున్న నా షెడ్డుకు ఒక పాత జీపు వచ్చింది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక టైర్లు నేలను గీరుకుంటూ అరుస్తున్నాయని డ్రైవరు చెప్పాడు. కిందికి దూరి, వెనక ఇరుసు నడుమ ఉండే ఇనుప గుల్లకున్న బిరడా విప్పాను. బెల్లపు పాకంలా నల్లటి నూనె జారింది. దానితోపాటే ఆ వాసన. మాడిన వెల్లుల్లీ అప్పుడే ఆర్పిన అగ్గిపుల్లా కలిస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటి వాసన. అది ముక్కుకు తగిలితే చాలామంది మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం చాయ్ తాగాలనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. ఆ వాసనకూ చాయ్‌కూ మధ్య ఒక మనిషి ఉన్నాడు. కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద రేకుల షెడ్డు నడిపిన యూసుఫ్ ఉస్తాద్. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన కోరుట్ల దాటి పోయిందే తక్కువ. ఒకసారి దాటింది నాకోసం. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేసి సాంచాల మీదికి వచ్చినవాణ్ణి. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలు అంటాం. అంగుళానికి ఎన్ని పోగులు పడాలో దాన్నిబట్టి సాంచాకు ఒక పళ్ళచక్రం మారుస్తారు. ఎన్ని పళ్ళ చక్రం వేస్తే ఎన్ని పోగులు పడతాయో మా వాడలో ఒక్క ముసలాయనకే తెలిసేది. ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. నేను చక్రాలు ఒక్కొక్కటీ ఎంచి, బట్ట మీద పోగులు ఎంచి, భాగహారాలు చేసి చేసి ఆరు నెలల్లో ఆ లెక్క పట్టుకున్నాను. అప్పటినుంచి ఏది కనబడినా ఎంచడం అలవాటైంది. మెట్లు, కిటికీ ఊచలు, లలిత ఒక పూటలో చుట్టే బీడీలు. లలిత నా భార్య. నేను ఎంచుతుంటే ఆమెకు చెయ్యి తప్పేది. "అవుతలికి పోయి నీ వేళ్ళు లెక్కవెట్టుకో" అనేది.

తర్వాత సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా వాడలో పగలంతా చప్పుడు ఉండేది, దానికే అలవాటుపడిన చంటిపిల్లలు నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. కొందరు భీవండి పోయారు, కొందరు సూరత్. కొందరు ఎక్కడికీ పోలేక ఇంట్లోనే తమ ప్రాణం తీసుకున్నారు. ఆ ఇళ్ళ ముందునుంచి నడిచేటప్పుడు నేను అడుగులు ఎంచేవాణ్ణి కాదు. నాకప్పుడు ముప్పై ఒక్కేళ్ళు, ఇద్దరు పిల్లలు. గల్ఫ్‌లో కూలికి పోతే ఎండలో రాళ్ళు మోయాలి, మెకానిక్కుగా పోతే నీడన పని అని పోయివచ్చినవాళ్ళు అన్నారు. జగిత్యాలలో మనుషుల్ని పంపే ఒక ఆఫీసులో పని పరీక్ష పెడతారనీ, అందులో బిగుసుకుపోయిన గేరు ఊడదీయడం తప్పకుండా ఉంటుందనీ, ఆ పని నేర్వాలంటే కోరుట్ల యూసుఫ్ ఉస్తాద్ దగ్గరే నేర్వాలనీ కూడా వాళ్ళే చెప్పారు.

ఎండాకాలం మొదట్లో పోయాను. సన్నటి మనిషి, లుంగీ, దారంతో చెవికి కట్టుకున్న కళ్ళద్దాలు. ఎడమ చెవి సరిగా వినబడదు కాబట్టి ఎవరు మాట్లాడినా కుడి భుజం ముందుకు పెట్టేవాడు. కొత్తవాళ్ళకు అది కొట్లాటకు వస్తున్నట్టు ఉండేది. ఏం పని వచ్చు అని అడిగాడు. చక్రాలకు పళ్ళు ఎంచడం వచ్చు అన్నాను.

"నా నోట్ల ఎన్నున్నయో చెప్పు సూస్తం" అని నోరు తెరిచాడు.

వంగి చూసి పంతొమ్మిది అన్నాను.

"ఇరవై. ఒకటి ఎనుక దాక్కున్నది. బయటి నుంచి లెక్కవెడితే గట్లనే తప్పుతది" అని నవ్వి, చేతిలో గుడ్డ పెట్టాడు. అప్పటినుంచి నా పేరు లెక్కల సారు అయింది. కోపం వస్తే సాంచాల సారు.

నాకు మొదట అర్థం కానిది ఆ గుల్లలోని చిన్న గేర్లు ఎందుకు అన్నది. ఇంజను నుంచి వచ్చే తిప్పుడును రెండు చక్రాలకు ఇస్తే సరిపోతుంది కదా, మధ్యలో ఈ నాలుగెందుకు అని అడిగాను. ఉస్తాద్ షెడ్డు వెనకనుంచి నిలువెత్తు ఇనుప గొట్టం ఒకటి తెచ్చాడు. ఒక కొస తాను పట్టుకుని ఇంకో కొస నాకిచ్చి, షెడ్డు ముందు వాకిట్లో పక్కపక్కన నడుద్దాం అన్నాడు. నేరుగా గోడదాకా నడిచాం. అడుగులు ఎంచమన్నాడు. ఆయనవి పదకొండు, నావి పదకొండు. తర్వాత రాజవ్వ అనే ఆమె నడిపే చాయ్ కొట్టు వైపు మలుపు తిప్పాడు. ఆయన లోపలి పక్క, నేను బయటి పక్క. ఆయన ఉన్నచోటనే మెల్లగా అడుగు మార్చుకుంటుంటే నేను ఇంచుమించు ఉరుకుతున్నాను. ఆయనవి ఆరు, నావి పదహారు. రాజవ్వ చాయ్ వడపోయడం ఆపి, ముసలాయనకూ కొత్తాయనకూ ఎండ తగిలిందా అని అడిగింది.

నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. పదకొండూ పదకొండూ ఇరవై రెండు. ఆరూ పదహారూ ఇరవై రెండు. ఒక చక్రం ఎంత తగ్గితే ఇంకో చక్రానికి అంత కలుస్తుంది. మొత్తం మారదు. ఆ పంపకం చేసేది ఆ చిన్న గేర్లు. నూనె ఎండిపోయి అవి తమ కడ్డీకి కరుచుకుంటే పంపకం ఆగిపోతుంది, రెండు చక్రాలూ మలుపులో కూడా సమానంగానే తిరగాలని మొండికేస్తాయి, టైరు అరుస్తుంది. ఈ సంగతి చెప్తే ఉస్తాద్ నా వైపు కుడి చెవి తిప్పి విని, "గొట్టం లోపల వెట్టు. తుప్పు వడుతది" అన్నాడు. కానీ ఆ రోజు నా చాయ్‌లో చక్కెర ఎక్కువ వేయమని రాజవ్వకు చెప్పింది ఆయనే.

బిగుసుకున్న గేరును ఊడదీయడంలో ఆయన పద్ధతి చూస్తే పని తెలియనివాళ్ళకు బద్ధకంగా ఉండేది. మొదట గుల్ల మీదా గేరు మీదా ఒక్కో చుక్క గుర్తు కొట్టేవాడు, తిరిగి అదే చోట కూర్చునేందుకు. కడ్డీని పట్టి ఉంచే చిన్న మేకు తీసేవాడు. గేరు చుట్టూ సన్నటి నూనె చుక్కలు చుక్కలుగా విడిచి, పైన మంటదీపంతో కాస్త వేడి చూపించి, ఇక చాయ్ చెప్పేవాడు. చాయ్ అయ్యాక రాగి సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ, అదీ తలుపు తట్టినట్టు. కుడి చెవి దగ్గర పెట్టి వినేవాడు. మళ్ళీ నూనె, మళ్ళీ వేడి, మళ్ళీ చాయ్.

"ఒక్కటే గొంతుతోటి పలికితే ఇంక కరుసుకొనే ఉన్నయి. రెండు గొంతులు ఇనవడ్డదాంక కొట్టద్దు" అనేవాడు.

ఆయన దగ్గర పనులకు గంటలు ఉండేవి కావు. ఇది రెండు చాయ్‌ల గేరు, అది మూడు చాయ్‌లది అనేవాడు. కొండగట్టుకు భక్తుల్ని దింపే జీపు డ్రైవర్లు తొందరపడి, సుత్తి ఇస్తే మేమే ఊడగొడతాం అనేవాళ్ళు. ఉస్తాద్ వాళ్ళకు కూడా చాయ్ చెప్పేవాడు. నేనొకసారి ఆయన నమాజుకు పోయినప్పుడు పెద్ద సుత్తితో ఒక్కటేశాను. గేరు ఊడింది, ఒక పన్ను పోయింది. ఆయన వచ్చి చూశాడు. ఆ గేరును నేను పని చేసే చోట నెత్తిమీదికి వచ్చేట్టు తీగతో వేలాడదీశాడు. ఎవరైనా అదేంది అని అడిగితే, సారుకు దిష్టి తగలకుండా కట్టినం అనేవాడు.

నాకు పరీక్ష ఉంది, పరీక్షకు గంట టైము. చాయ్‌లతో నాకు పని జరగదు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, బండి, ఎన్ని చాయ్‌లు, ఎన్ని నిమిషాలు. నాలుగు గడులు. నలభై మూడు గేర్లకు రాశాను. కూడి భాగిస్తే ఒక చాయ్‌కి పదమూడు నిమిషాలు తేలింది. ఎంత గట్టి గేరైనా నాలుగు చాయ్‌లు దాటలేదు. అంటే యాభై రెండు నిమిషాలు. గంటలో ఇంకా ఎనిమిది మిగులుతాయి. ఉస్తాద్‌కు చూపించాను. ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూసి, "నాకు తెల్వకుండ ఇన్ని చాయ్‌లు తాగిన్నా" అన్నాడు.

ఆ కాలానికే ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. చిన్న మేకు తీయాల్సి వస్తే నన్ను పిలిచేవాడు. వణుకు సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. దసరా దాటాక ఒకరోజు, చేతులు కడుక్కుంటూ, నా మొహం చూడకుండా, వారం వారం వేములవాడ మీదుగా బస్సుల్లో తిరిగే బదులు పిల్లల్ని కోరుట్ల తెచ్చుకోరాదా, మసీదు వెనక ఒక ఇల్లు ఖాళీ ఉంది అన్నాడు. నేను పరీక్ష పుష్యమాసంలో అని చెప్పాను. ఆయన అవునవును అని చేతులు ఇంకొకసారి కడుక్కున్నాడు.

పరీక్ష రోజు జగిత్యాలలో మంచు పట్టింది. నాతోపాటు పదకొండు మంది. బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరి ముందు బల్ల మీద బిగించిన గుల్ల, అందులో కరుచుకుపోయిన గేరు. నేను చుక్కలు కొట్టాను, మేకు తీశాను, నూనె విడిచాను, వేడి చూపించాను. పదమూడు నిమిషాలకు ఒక దెబ్బ. ఒక్కటే గొంతు. ఇరవై ఆరుకు ఒక్కటే గొంతు. ముప్పై తొమ్మిది. యాభై రెండు. పక్క బల్ల మీద ధర్మపురి వైపు ఒకతను పెద్ద సుత్తి అందుకుని నాలుగు దెబ్బల్లో ఊడగొట్టాడు. నా చెయ్యి కూడా సుత్తి మీదికి పోయింది. కానీ తల ఎత్తితే అక్కడ వేలాడే గేరు లేకపోయినా నాకు కనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గంట అయిపోయింది. గేరు కదల్లేదు. నా పేరు పక్కన తప్పాడని గీత పెట్టారు.

సాయంత్రం కోరుట్లలో దిగేసరికి ఉస్తాద్ షెడ్డు ముందే కూర్చుని ఉన్నాడు. నోటుబుక్కు ఆయన ఒళ్ళో వేశాను. మీ చాయ్‌లు నన్ను ముంచాయన్నాను. ఇంటి దగ్గర లలితకు ఏం చెప్పాలో మీరే చెప్పండన్నాను. తొమ్మిది నెలలు అన్నం పెట్టి పని నేర్పిన మనిషితో ఆ గొంతుతో మాట్లాడాను. ఆయన అంతా విన్నాడు.

"నూనె ఎక్కడ వెట్టినవ్?" అన్నాడు.

బల్ల మీద అన్నాను.

"మన డబ్బా ఎక్కడుంటది?"

మా నూనె డబ్బా చలి మొదలైనప్పటినుంచి రాజవ్వ పొయ్యి అంచు మీద ఉండేది. రోజూ నేనే పోయి తెచ్చేవాణ్ణి. ముసలాయన చాయ్‌కి పోయినప్పుడు మరిచిపోయి వస్తాడని అనుకునేవాణ్ణి. చలికి నూనె చిక్కబడుతుంది, చిక్కటి నూనె సందులోకి దిగదు. నా నోటుబుక్కులో నాలుగు గడులున్నాయి, డబ్బా ఎక్కడుందో రాసే గడి లేదు.

"ఒకటి ఎనుక దాక్కున్నది" అన్నాడు ఉస్తాద్, తన పన్ను చూపించి. నాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు. లేచి లోపలికి పోతూ, పొద్దున ఏడు గంటల బస్సుకు తయారుగా ఉండమన్నాడు.

పొద్దున షెడ్డు తెరవలేదు. నాకు తెలిసి శుక్రవారం మధ్యాహ్నం తప్ప అది మూతబడటం అదే మొదలు. ఉస్తాద్ ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని, ఉన్ని మఫ్లరు మెడకు చుట్టుకోకుండా దానితో ఏదో మూట కట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. మెట్‌పల్లి నుంచి వచ్చిన బస్సు, కిటికీలకు అద్దాలు సరిగా లేవు. మెడకు చుట్టుకోండి, చలి పెడుతుంది అన్నాను. మూట మీద నా చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. రాజవ్వ పొయ్యి మీద కాచిన నూనె డబ్బా. జగిత్యాల చేరేదాకా ఆయన ఆ మూటను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో కడుపుకు ఆనించుకుని కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. చలికో, ఊరికేనో నేను అడగలేదు.

ఆఫీసులో బొంబాయి ఆయన మొదట వినలేదు. ఉస్తాద్ ఉర్దూలో, గొంతు పెంచకుండా, ఒక్కటే అడిగాడు. నిన్న పాసైనవాళ్ళ గేర్లు చూపించండి అన్నాడు. బల్ల కింద బుట్టలో ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి పళ్ళ మీద గోరు నడిపి బల్ల మీద పెట్టాడు. నాలుగింటికి పళ్ళు చిట్లాయి. వీటిని మళ్ళీ బండిలో వేస్తారా అని అడిగాడు. మా మనిషికి నిన్న గేరు రాలేదు, నిజమే, కానీ చెడలేదు కూడా అన్నాడు ఉస్తాద్. ఇంకొక గంట ఇవ్వండి, బిగుసుకున్న వేరే గేరు మీద, నేను బయటే ఉంటాను అన్నాడు. బొంబాయి ఆయన చాలాసేపు ఆ పళ్ళు చూసి, గడియారం సరిచేసుకున్నాడు.

నేను నా గడియారం విప్పి జేబులో వేసుకున్నాను. మఫ్లరు విప్పితే డబ్బా ఇంకా గోరువెచ్చగానే ఉంది. నూనె నీళ్ళలా జారి గేరు కిందికి దిగడం కళ్ళతో చూశాను. వేడి చూపించాను. కిటికీలోంచి రోడ్డు అవతల ఉస్తాద్ చాయ్ గ్లాసుతో కనిపించాడు. నాకు కుడి పక్క తిప్పి కూర్చున్నాడు, వినబడుతుందన్నట్టు. ఒక దెబ్బ, ఒక్కటే గొంతు. మళ్ళీ నూనె. ఒక దెబ్బ. మూడోసారి కొట్టినప్పుడు మొద్దు చప్పుడు వెనక ఇంకొక సన్నటి చప్పుడు వచ్చింది. కడ్డీ ఒకటి, గేరు ఒకటి. సుత్తి పక్కన పెట్టి వేళ్ళతో తిప్పాను. ఒక వెంట్రుకంత కదిలింది. వెనక్కి తిప్పాను. ముందుకు తిప్పాను. గేరు నా అరచేతిలోకి వచ్చి పడింది.

బొంబాయి ఆయన ప్రతి పన్ను మీదా గోరు నడిపి, నా పేరు పక్కన గీత కొట్టేసి సంతకం పెట్టాడు. బయటికి వచ్చి ఉస్తాద్‌ను, ఈయన మీకేమవుతాడు అని అడిగాడు. ఉస్తాద్ నాకు కూడా అర్థం కావాలనేమో, తెలుగులో చెప్పాడు.

"నా షెడ్డుల పనిచేసేటోడు. ఇయ్యాలటి దాంక."

ఆయన పోయాక ఇద్దరం చాయ్ చెప్పుకున్నాం. మేకులు ఎవరు తీస్తారు ఉస్తాద్ అని అడిగాను. ఆయన గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒలకకుండా.

"గొట్టం వట్టుకొని నడిస్తిమి గద. మలుపుల నా అడుగులెన్ని?"

"ఆరు."

"నీవి?"

"పదహారు."

"మొత్తం?"

"ఇరవై రెండు."

"మరింకేంది, లెక్క సరిపాయె" అని చాయ్ తాగాడు.

షార్జాలో తొమ్మిదేళ్ళు చేశాను. నీడన పనే. పిల్లలు చదువుకున్నారు. లలిత బీడీలు మానేసింది. రెండేళ్ళకొకసారి వచ్చినప్పుడు ముందు కోరుట్లలో దిగి, తర్వాతే ఇంటికి పోయేవాణ్ణి. లలిత దీనికి మొదటిసారి అలిగింది, రెండోసారి ఉస్తాద్ కోసం తనే సకినాలు కట్టి ఉంచింది. ఏడో ఏడు ఆయన పోయాడని రాజవ్వ ఫోను చేయించింది. రాలేకపోయాను. తర్వాత వచ్చినప్పుడు ఆయన ఇంట్లోవాళ్ళు రాగి సుత్తి, ఆ నూనె డబ్బా నాకిచ్చారు. షెడ్డు ఉన్నచోట ఏవో దుకాణాలు లేచాయి. వాకిలి మాత్రం అట్లాగే ఉంది. రాజవ్వ చాయ్ కొట్టు వైపు మలుపు తిరిగి, లోపలి పక్కన, ఆయన నడిచినట్టు మెల్లగా నడిచి చూశాను. ఆరు అడుగులు సరిగ్గా వచ్చాయి.

నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. నలభై మూడు గేర్ల తర్వాత నలభై నాలుగో వరుస రాసుకున్నాను. తేదీ ఉంది. బండి అన్నచోట జగిత్యాల పరీక్ష అని ఉంది. చాయ్‌లు అన్నచోట ఒకటి అని ఉంది, ఇద్దరం కూర్చుని తాగింది. నిమిషాల గడి ఖాళీ. గడియారం జేబులోనే ఉండిపోయింది, తీసి చూడలేదు. లెక్కలో ఖాళీ గడి ఉంటే నిద్రపట్టని మనిషిని నేను. దాన్ని మాత్రం ఇన్నేళ్ళలో నింపాలనిపించలేదు.

నిన్నటి జీపు డ్రైవరు ఎంతసేపు పడుతుందని అడిగాడు. మంచు ఇంకా విడవలేదు. నూనె డబ్బా తీసుకుపోయి పక్కనున్న హోటలు పొయ్యి అంచున పెట్టి వచ్చాను. నాలుగు చాయ్‌లు పడతాయి, కూర్చోమన్నాను. గంటల్లో చెప్పమన్నాడు. అతనికి కూడా ఒక చాయ్ చెప్పాను.